డాక్టరు దగ్గరికి వెళ్తే కేసవుతుందా?

ప్రశ్న: మాది కదిరి వైపు. బెంగళూరు మారతహళ్లిలో ఇళ్లలో పని చేస్తాను. మా ఆయన బిల్డింగ్ పనులకు వెళ్తాడు. మా పాపకు 17. ఇంటర్ మధ్యలో మానేసింది. పక్క వీధిలోని 20 ఏళ్ల అబ్బాయిని ఇష్టపడింది, ఇప్పుడు మూడో నెల. ఆసుపత్రికి వెళ్తే పోలీసులకు చెప్తారట. ఊరికి తీసుకెళ్లి గుళ్లో పెళ్లి చేసెయ్యమంటోంది మా వదిన.

జవాబు: అమ్మా, ముందు ఆ పెళ్లి మాట మానుకోండి. పెళ్లయితే కేసు ఉండదనుకోవడం భ్రమ. భార్య అయినా 18 నిండకపోతే ఆమెతో శారీరక సంబంధం నేరమేనని 2017లోనే సుప్రీంకోర్టు తేల్చింది. పైగా పెళ్లి చేసినవాళ్ల మీద ఇంకో కేసు పడుతుంది. కర్ణాటకలోనైతే ఆ పెళ్లి చెల్లదు కూడా.

18 నిండని పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టానికి పాప ఇష్టంతో పని లేదు. విషయం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పాలి. ఆ బాధ్యత డాక్టరుతో పాటు మీకూ ఉంది. అయితే ఈ భయంతోనే జనం చదువూ అర్హతా లేనివాళ్ల దగ్గరికి పోతారని గమనించి, 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక వెసులుబాటు ఇచ్చింది. మీరూ పాపా కోరితే, డాక్టరు పోలీసులకిచ్చే సమాచారంలో పాప పేరు, వివరాలు రాయనక్కర్లేదు. ఆసుపత్రిలో ఈ మాట మీరే ఎత్తండి. తీర్పు తెలిసినా జంకే డాక్టర్లున్నారు.

గర్భస్రావానికి 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు, ఆ తర్వాత మైనర్లకు 24 వరకు ఇద్దరిది కావాలి. మీ సంతకం తప్పనిసరి. కానీ పాప ఏమంటుందో ముందు వినండి, ఆమె మాటకు విలువివ్వాలని 2024లో సుప్రీంకోర్టే చెప్పింది. మెడికల్ షాపు మాత్రలు మాత్రం వద్దు. ఈ వయసు గర్భం అసలే ప్రమాదం: ప్రపంచమంతటా 15–19 ఏళ్ల ఆడపిల్లల చావులకు ముఖ్య కారణాల్లో గర్భం, కాన్పు చిక్కులు ఒకటి.

ఇంకో సంగతి, పాపను ఒంటరిగా కూర్చోబెట్టి నిదానంగా అడగండి. నిజంగా ఇష్టమేనా, బెదిరింపా? బెదిరింపైతే పేరు దాచే ఆలోచన వదిలి నేరుగా ఫిర్యాదు చేయండి. ఇష్టమే అయినా, గర్భం వచ్చింది కాబట్టి నేరం రుజువైతే అబ్బాయికి కనీసం 20 ఏళ్ల శిక్ష. ఇలాంటి జంటల విషయంలో అది మరీ కఠినమని నా అభిప్రాయం, కానీ ప్రస్తుతం చట్టం అదే. తిట్లతో మాత్రం ఏమీ రాదు. చదువు ఆగిపోయి, పగలంతా ఒక్కతే ఇంట్లో ఉండి, ఒంటి సంగతులు చెప్పేవాళ్లు లేని పిల్లలే నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ.

పోలీసులు వాంగ్మూలం తీసుకోవాల్సి వస్తే వీలైనంతవరకు మహిళా ఎస్సై యూనిఫాం లేకుండా మీ ఇంటికే రావాలి. కన్నడ రాకపోతే అనువాదకుణ్ని ఇవ్వమనండి. లాయరు ఖర్చుకు టెన్షన్ పడకండి. 15100కు ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా లాయరు దొరుకుతారు. ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయ పరిమితి లేదు.