పాటల పెట్టె: స్టూడియో నేల తుడిచినాయన ఆల్బమ్

ప్రశ్న: సార్, మావాడు ఇంజనీరింగ్ సెకండియర్, పొద్దస్తమానం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నైన్ ఇంచ్ నెయిల్స్ అని ఏదో వింటుంటాడు, మొన్న లాక్కుని నేనూ విన్నా, రేకుల షెడ్డులో ఎవరో సమ్మెటతో బాదుతున్నట్టుంది. ఇదీ సంగీతమేనా?
ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: సంగీతమేనండీ. రేకుల షెడ్డు అన్నారు చూశారూ, ఆ మాటకి వాళ్లు ఫీలవ్వరు కూడా, ఎందుకంటే దీన్ని పిలిచేదే ఇండస్ట్రియల్ అని. 1976లో ఇంగ్లండ్‌లో త్రాబింగ్ గ్రిస్టిల్ అనే బ్యాచ్ సొంత లేబుల్, అంటే రికార్డుల కంపెనీ, పెట్టుకుని దానికి ఇండస్ట్రియల్ రికార్డ్స్ అని పేరు పెట్టింది, అదే ఈ తరహాకి అతుక్కుపోయింది. వాళ్లవి పూర్తిగా వినడానికి నాక్కూడా ఓపిక చాలదు లెండి.

మీవాడు వినేది వీళ్ల మొదటి ఆల్బమ్ ప్రెటీ హేట్ మెషీన్ అయితే అది 1989 అక్టోబర్‌లో వచ్చింది. పేరుకి బ్యాండే గానీ రికార్డింగ్‌లో దాదాపు అంతా ఒక్క మనిషే, ట్రెంట్ రెజ్నర్. అమెరికాలో క్లీవ్‌ల్యాండ్ అనే ఊళ్లో రైట్ ట్రాక్ స్టూడియోలో ఉద్యోగం, ఉద్యోగమంటే మరీ గొప్పదేం కాదు, ఇంజనీర్లకి చేతికింద ఉండటం, నేల తుడవడం. ఎవరూ బుక్ చేసుకోని టైంలో నీ పాటలు చేసుకోవయ్యా అని ఓనర్ అన్నాడట, ఇంకేముంది, తను అనుకున్నట్టు వాయించేవాళ్లు ఎలాగూ దొరకట్లేదు, పాప్ గాయకుడు ప్రిన్స్ అన్నీ తనే వాయించుకోట్లా అనుకుని కీబోర్డులు, చప్పుళ్లు రికార్డు చేసి తిరిగి వాయించే శాంప్లర్, ఒక మాకింటోష్ కంప్యూటర్ ముందేసుకుని కూర్చున్నాడు. ఆ డెమోలు విని టీవీటీ రికార్డ్స్ వాళ్లు తీసుకున్నారు, తర్వాత ఫ్లడ్, జాన్ ఫ్రయర్, అడ్రియన్ షెర్వుడ్, కీత్ లెబ్లాంక్ అని నలుగురు ప్రొడ్యూసర్లు కూడా చెయ్యేశారు.

మీరొక పని చెయ్యండి, సమ్‌థింగ్ ఐ కెన్ నెవర్ హ్యావ్ అనే పాట పెట్టమనండి మీవాణ్ణి. నాలుగు పియానో స్వరాలు తిరిగి తిరిగి అవే వస్తుంటాయి, గొంతు పక్క గదిలో ఎవరో తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది, వెనకాల ఎక్కడో ఇనుము ఈడుస్తున్న చప్పుడు, అదీ సన్నగా. అది విన్నాక హెడ్ లైక్ ఎ హోల్ వినండి, డబ్బునే దేవుడని పిలిచి తిట్టే పాట అది, అప్పుడా బాదుడు ఎందుకో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: అన్నా, మా రూమ్మేట్ ఏమంటాడంటే అసలు ఈ నైన్ ఇంచ్ నెయిల్స్ ఇండస్ట్రియలే కాదు, డెపెష్ మోడ్ అనే పాప్ బ్యాండ్‌కి నల్లచొక్కా తొడిగారంతే అని. ఏం చెప్పాలి వాడికి?
ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: సగం కరెక్టేరా అని చెప్పు. ఫ్లడ్ అదే రోజుల్లో డెపెష్ మోడ్‌కి కూడా పనిచేశాడు, కాబట్టి ఆ వాసన రాకుండా ఎలా ఉంటుంది. ఇటు చూస్తే డౌన్ ఇన్ ఇట్ పాటకి స్కిన్నీ పపీ అనే ఇండస్ట్రియల్ బ్యాండ్ వాళ్ల డిగ్ ఇట్ పాట ఆధారమని రెజ్నరే ఒప్పుకున్నాడు. కానీ నన్నడిగితే ఆ పాప్ తనమే దాని బలం, స్కిన్నీ పపీ, మినిస్ట్రీ లాంటి బ్యాండ్లు అప్పటికే ఉన్నా అవి వినేవాళ్లు వేరే జనం, ఇతను ముందు పాట రాసుకుని, పల్లవి నోటికొచ్చేలా కట్టి, ఆ తర్వాత దానిమీద చప్పుడు కప్పాడు, అందుకే రేడియోలో మామూలు పాటలు వినే పిల్లలకి కూడా ఎక్కింది. అదీ ఒక్కరోజులో కాదు, అమెరికాలో ఆల్బమ్‌ల ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ చార్టులో ఈ ఆల్బమ్ 75వ స్థానం దాటి పైకి వెళ్లలేదు, ఊరూరా తిరిగి వాయించీ వాయించీ, 1991లో లోలపలూజా అనే ఊరూరా తిరిగే సంగీతోత్సవం టూర్‌లో జనం ముందు కీబోర్డులు పగలగొట్టీ అమ్ముకున్నారు. 2003 నాటికి అమెరికాలో ట్రిపుల్ ప్లాటినం, అంటే 30 లక్షల కాపీలు. మీ రూమ్మేట్‌కి ఈ లెక్క చెప్పినా మారడనుకో, అలాంటివాళ్లు మారరు.

ప్రశ్న: ఎఫ్‌బీఐ వాళ్లు ఈ ట్రెంట్ రెజ్నర్ హత్య కేసు దర్యాప్తు చేశారంట, నిజమా? పోనీ ఇతను బతికే ఉన్నాడా?
ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: శుభ్రంగా ఉన్నాడమ్మా, 2011లో ది సోషల్ నెట్‌వర్క్ సినిమా సంగీతానికి అట్టికస్ రాస్‌తో కలిసి ఆస్కార్ కూడా తీసుకున్నాడు. దర్యాప్తు మాత్రం నిజమే. డౌన్ ఇన్ ఇట్ వీడియో షికాగోలో తీశారు, చివర్లో అతను చచ్చిపోయినట్టు నేలమీద పడి ఉంటే కెమెరా పైకి లేస్తూ పోవాలి, డ్రోన్లు లేని రోజులు కదా, కెమెరాని బెలూన్లకి కట్టి తాళ్లతో పట్టుకున్నారు. తాళ్లు కాస్తా తెగాయి, కెమెరా ఎగురుకుంటూ పోయి మిషిగన్ రాష్ట్రంలో ఒక రైతు పొలంలో పడింది. ఆయన పోలీసులకిచ్చాడు, వాళ్లు చూస్తే ఏముంది, మొహానికి పిండి పూసుకుని కదలకుండా పడున్న మనిషి, చుట్టూ నిలబడి వెళ్లిపోతున్న ఇద్దరు. నిజం హత్యే అనుకుని ఎఫ్‌బీఐకి చేరవేశారు, వాళ్లు చాలాకాలం తంటాలు పడి చివరికి తేల్చిందేంటంటే, శవం టూర్‌లో పాటలు పాడుకుంటోందని.