లోనులో పేరుంది, దస్తావేజులో లేదు. ఈ ఇంట్లో నాకు హక్కుందా?

ప్రశ్న: మాది నెల్లూరు, వేదాయపాళెం. 2021లో మా మొదటి ఇల్లు, డబుల్ బెడ్‌రూం ఫ్లాటు, 38 లక్షలకు కొన్నాం. 26 లక్షలు బ్యాంకు లోను. మా నాన్న 6 లక్షలు ఇచ్చారు. మిగతాది నా పదహారు సవర్ల బంగారం అమ్మి కట్టాం. లోను ఇద్దరి పేరు మీద ఉంది, రిజిస్ట్రేషన్ మాత్రం మావారి ఒక్కరి పేరు మీదే జరిగింది. గృహప్రవేశమైన ఏడాదికి పాప పుట్టింది. ఇప్పుడు మళ్లీ ఏడో నెల, సీమంతానికి రోజు పెట్టుకున్నాం. మావారు కృష్ణపట్నం వైపు ప్రైవేటు ఉద్యోగం చేస్తారు, నేను స్కూలు టీచర్ని. నెలకు 22 వేల ఈఎంఐలో 10 వేలు నా జీతం నుంచే పోతుంది. మామగారు లేరు, అత్తగారు మా దగ్గరే ఉంటారు. మరిది, ఆడబిడ్డ ఉన్నారు. మాకు గొడవలేమీ లేవు. కానీ మా నాన్న "ఇంట్లో నీ పేరు లేకపోతే ఎట్లమ్మా" అంటారు. మావారేమో "నాదైతే నీది కాదా" అంటారు. నాకు హక్కు ఉన్నట్టా, లేనట్టా? పేరు చేర్చాలంటే ఇల్లు మళ్లీ కొన్నంత ఖర్చవుతుందా?

జవాబు: అమ్మా, గొడవలు లేనప్పుడే అడిగారు, మంచి పని చేశారు. కింద నేను చెప్పబోయే కాగితాలన్నీ మీవారు ఇష్టంగా సంతకం పెడితేనే అయ్యేవి. మనసులు విరిగాక వీటికోసమే కోర్టు చుట్టూ ఏళ్ల తరబడి తిరగాల్సి వస్తుంది.

ముందు ఇప్పటి పరిస్థితి చెబుతాను. రిజిస్టరు దస్తావేజులో ఎవరి పేరుంటే వారే చట్టం ముందు యజమాని. ఇవాళ్టికి ఆ ఫ్లాటు మీవారిది. లోను కాగితాల మీద మీరూ సంతకం పెట్టారు కాబట్టి, ఆయన కట్టలేని రోజున బాకీ మొత్తం మిమ్మల్ని అడిగే హక్కు బ్యాంకుకు ఉంది. అంటే అప్పుకు మీరు పూర్తిగా బాధ్యులు, ఇంటికి మాత్రం యజమాని కారు. ఒక్క జీతం మీద లోను చాలదని భార్య చేత సంతకం పెట్టిస్తారు, రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లేసరికి ఆమె పేరు ఎవరికీ గుర్తుకు రాదు. ఇది చూసినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది.

అలాగని మీకు ఏ రక్షణా లేదని కాదు. పేరున్నా లేకున్నా కాపురం చేస్తున్న ఇంట్లో ఉండే హక్కు 2005 నాటి గృహహింస చట్టం ఇచ్చింది, మిమ్మల్ని బయటికి పొమ్మనడానికి లేదు. మీ బంగారం మీ స్త్రీధనం. దాని మీద భర్తకు హక్కు లేదని, కష్టకాలంలో వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2024లో కూడా గట్టిగా చెప్పింది. కాకపోతే ఆ హక్కు బంగారం మీదో, దాని విలువ మీదో ఉంటుంది. బంగారం అమ్మి కట్టాను కాబట్టి ఇంట్లో నాకింత వాటా అంటే దానంతటదే రాదు, సాక్ష్యాలతో రుజువు చేసుకోవాలి. మీ నాన్నగారి 6 లక్షలు బ్యాంకు ద్వారా వచ్చి ఉంటే ఆ స్టేట్‌మెంటు, నగల షాపువాళ్లు ఇచ్చిన రసీదు తీసి భద్రంగా పెట్టుకోండి.

అసలు మీరు ఆలోచించాల్సిన విషయం వేరే ఉంది. వీలునామా లేకుండా మీవారికి జరగరానిది జరిగితే ఏమవుతుంది? శుభకార్యం ముందు ఈ మాట ఎత్తుతున్నందుకు ఏమీ అనుకోకండి. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం మగవారి స్వార్జితానికి భార్య, పిల్లలు, తల్లి మొదటి తరగతి వారసులు, అందరికీ సమాన వాటాలు. గృహప్రవేశం నాటికి ఆ లెక్కలో మీరూ మీ అత్తగారూ ఇద్దరే. పాప పుట్టాక ముగ్గురయ్యారు. ఇప్పుడు మీ కడుపులో ఉన్న బిడ్డకూ, ప్రాణంతో పుడితే, అంతే హక్కును అదే చట్టంలోని 20వ సెక్షన్ ఇస్తుంది. అంటే ఇంట్లో మీ వంతు పావు వాటా.

అత్తగారికి వాటా రావడం తప్పేమీ కాదు, కన్నతల్లి ఆమె. అయితే ఆమె కూడా వీలునామా రాయకుండా పోతే ఆ పావు మీ మరిదికీ, ఆడబిడ్డకూ, మీ పిల్లలకూ పంచుకుపోతుంది. అప్పుడు ఒకే ఫ్లాటు మీద ఇంతమంది సంతకాలు కావాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. మైనరు పిల్లల స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా అమ్మడానికి గానీ, తాకట్టు పెట్టడానికి గానీ తల్లికి అధికారం లేదు. ఈఎంఐ భారమై ఇల్లు అమ్మి చిన్నదానిలోకి మారదామన్నా ముందు జిల్లా కోర్టులో పిటిషన్ వేయాలి, అది పిల్లల మేలుకేనని జడ్జిగారిని ఒప్పించాలి. ఒంటరిగా ఇద్దరు పిల్లలతో, నెలనెలా 22 వేలు కడుతూ ఆ తిరుగుడు ఎంత కష్టమో ఆలోచించండి. "నాదైతే నీది కాదా" అనే మీవారి మాటలో ప్రేమ ఉంది, దాన్ని నేను శంకించడం లేదు. చట్టం లెక్కలో మాత్రం ఆయనది ఆయన ఉన్నంతవరకు ఆయనదే, తర్వాత మీకు పావే. ఈ పేరా ఆయన చేతే చదివించండి.

అందుకే మొట్టమొదట వీలునామా రాయించండి, వీలైతే ఈ వారమే. ఫ్లాటు ఆయన స్వార్జితం కాబట్టి ఆయన ఇష్టం వచ్చినవారికి రాసుకోవచ్చు. బ్యాంకు అనుమతి అక్కర్లేదు, స్టాంపు కాగితమూ అక్కర్లేదు. తెల్ల కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట ఆయన సంతకం పెట్టాలి, ఆ సాక్షులిద్దరూ ఆయన ఎదుటే సంతకం చేయాలి. రేపు కోర్టు దాకా వెళ్తే కనీసం ఒక సాక్షి వచ్చి చెప్పాలి కాబట్టి, ముసలివాళ్లనీ దూరాభారం వెళ్లిపోయేవాళ్లనీ కాకుండా ఊళ్లోనే స్థిరంగా ఉండేవాళ్లను ఎంచుకోండి. లబ్ధి పొందేవారు సాక్షి కాకపోవడమే క్షేమం. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించుకోమనే నా సలహా. తర్వాత ఎవరైనా దొంగ సంతకమంటే నోరు మూయించడానికి పనికొస్తుంది. అందులో మీ అత్తగారు బతికినన్నాళ్లూ ఆ ఇంట్లో ఉండే హక్కు ఉంటుందని ఒక వాక్యం తప్పకుండా రాయించండి. ఆమెకు చెప్పే రాయించండి. చాటుమాటుగా రాసుకున్న వీలునామాలే తర్వాత కేసులవుతాయి.

వీలునామా ఆయన తర్వాతి సంగతి, పైగా ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఇప్పుడే యజమాని కావాలంటే సగం వాటాను మీ పేరు మీద దాన సెటిల్‌మెంట్ దస్తావేజు, అంటే డబ్బు తీసుకోకుండా ఇస్తున్నట్టు కాగితం, రాసి రిజిస్టరు చేయాలి. ఇద్దరు సాక్షులు, మీరు స్వీకరించినట్టు మాట, రద్దు చేసుకునే హక్కు ఉంచుకోలేదన్న మాట అందులో ఉండాలి. ఇంట్లోంచి ఆయన కదలనక్కర్లేదు. స్వాధీనం అప్పగించకపోయినా రిజిస్టరు దానం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2014లో తేల్చింది. పూర్తి ఫ్లాటు రాయించుకోమని నేను అనను. ఇద్దరూ కడుతున్న ఇంటికి ఇద్దరి పేర్లూ ఉండడమే న్యాయం.

ఖర్చు మీరు భయపడినంత ఉండదు. అమ్మకం దస్తావేజైతే మన రాష్ట్రంలో స్టాంపు, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం పడుతుంది. కుటుంబసభ్యులకు రాసే సెటిల్‌మెంటుకు అంతకంటే బాగా తక్కువ, అదీ సగం వాటా ప్రభుత్వ విలువ మీదే. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో మీ డోరు నంబరు చెప్పి లెక్క వేయించుకోండి. భార్యాభర్తల మధ్య దానానికి ఆదాయపు పన్ను కూడా లేదు.

అడ్డం వచ్చేది బ్యాంకు ఒక్కటే. ఒరిజినల్ దస్తావేజు తాకట్టులో వాళ్ల దగ్గరే ఉంది కాబట్టి ముందుగా అభ్యంతరం లేదని లెటరు తీసుకోవాలి. ఇద్దరూ సంతకం చేసి, భార్యకు సగం వాటా రాస్తున్నామని, తాకట్టు యథాతథంగా కొనసాగుతుందని దరఖాస్తు పెట్టండి, ఒక కాపీ మీద రిసీవ్డ్ స్టాంపు వేయించుకోండి. తాకట్టు కాగితాలు మళ్లీ రాయమంటే రాయండి. వాళ్లు ఆలస్యం చేసినా ఈలోపు వీలునామా మిమ్మల్ని కాపాడుతుంది. పనిలో పనిగా లోనుకు ఇన్సూరెన్సు ఉందా, ఉంటే మీవారి ఒక్కరికేనా, మీకు కూడానా అని అడగండి. ఇద్దరి జీతాల మీద నడిచే లోనుకు ఇద్దరికీ ఉండాలి. మీవారు విడిగా టర్మ్ పాలసీ (జీవిత బీమా) తీసుకుంటే వివాహిత స్త్రీల ఆస్తి చట్టం, 1874 కింద రాయించమనండి. అప్పులవాళ్లు ఆ డబ్బు ముట్టుకోలేరు, అది మీకూ పిల్లలకూ చేరుతుంది. పెళ్లికి ముందు ఇచ్చిన పీఎఫ్ నామినేషన్ కూడా మార్పించండి.

సగం వాటా వచ్చాక మీరు కూడా వీలునామా రాయండి. రాయకపోతే మీ వాటా మీవారికీ పిల్లలకూ సమానంగా పోతుంది, పిల్లల భాగం మళ్లీ కోర్టు అనుమతికి లోబడుతుంది. ఇంకో ప్రయోజనం కూడా ఉంది. పాత పన్ను విధానంలో ఉంటే, లోనుతో పాటు ఇంట్లోనూ పేరున్నవారికే లోను వడ్డీ మీద మినహాయింపు, ఏడాదికి మనిషికి 2 లక్షల వరకు. ఇన్నాళ్లూ మీరు కట్టిన 10 వేలకు అది రాలేదు.

మీ సొంత సంగతికి వస్తే, దస్తావేజు సీమంతం లోపే కావాలన్న తొందర వద్దు. వీలునామా పడితే చాలు. నెలలు నిండి ఆఫీసు మెట్లెక్కలేకపోతే డాక్టరు సర్టిఫికెట్ జతచేసి ఫీజు కడితే రిజిస్ట్రారే ఇంటికొచ్చి రిజిస్టరు చేసే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. దస్తావేజు చేతికొచ్చాక ఫ్లాటు నంబరు, అవిభాజ్య స్థలం వాటా (అపార్ట్‌మెంటు ఉన్న స్థలంలో మీ ఫ్లాటుకు వచ్చే భాగం), హద్దులు పాత దస్తావేజులో ఉన్నట్టే ఉన్నాయో లేదో పక్కపక్కన పెట్టి చూసుకోండి. కొన్నాళ్లాగి ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి మీ పేరు ఎక్కిందో లేదో చూడండి. ఆ తర్వాత కార్పొరేషన్ ఆఫీసులో ఇంటి పన్ను రికార్డుల్లో రెండో పేరు చేర్పించండి.