కోర్ డ్రిల్ 10 సెం.మీ. దగ్గరే ఆగి ఊరికే తిరుగుతోంటే: సమాధానం

మంచులోంచి గుండ్రటి కడ్డీలాంటి ముక్కను కోసి తీసే మీ కోర్ డ్రిల్, మైనస్ 5 డిగ్రీల కోల్డ్ రూములో 10 సెం.మీ. దిగాక తిరుగుతున్నా ఇంకా కిందికి దిగడం లేదని, మోటారు కరెంటు పెరుగుతోందని రాశారు. దయచేసి ఇంకా బలంగా నొక్కకండి. డ్రిల్ వెచ్చగా ఉంటే కోతలో రాలే మంచు పొట్టు కాస్త కరిగి, కోత లోతును అదుపు చేసే షూల మీద మళ్లీ గడ్డకడుతుంది. షూ మందమయ్యేసరికి బ్లేడుకి మంచు అందదు. గదిని మైనస్ 20కి దించి, డ్రిల్‌ను రాత్రంతా అందులోనే ఉంచండి.

తర్వాత షూకీ బ్లేడు అంచుకీ ఎత్తు తేడా కొలవండి. మూడు బ్లేడ్లు ఒక్కోటి 1 మి.మీ. కోస్తే చుట్టుకి 3 మి.మీ. దిగాలి. అలా దిగుతూ కూడా ఆగిపోతే పొట్టు ఇరుక్కున్నట్టే. అది గట్టి మంచుకి సుమారు రెండింతల చోటు తీసుకుంటుంది.

డ్రిల్‌ను పరీక్షించే మంచు దిమ్మె తయారీకి కాచి చల్లార్చిన నీళ్లు పలుచటి పొరలుగా పోసి గడ్డకట్టించండి. ఒకేసారి పోస్తే మధ్యలో బుడగలు, పగుళ్లు తప్పవు.