బుజ్జీ, గ్యాలరీకి నువ్వొక్కదానివే వెళ్లిరా

లండన్,
15 అక్టోబర్ 2020

బుజ్జీ,

వచ్చే వారం ఇద్దరం కలిసి నేషనల్ గ్యాలరీకి పెయింటింగులు చూడ్డానికి వెళ్దామనుకున్నాం కదా, ఆ ముచ్చట ఇప్పట్లో తీరేలా లేదు. ఎల్లుండి శనివారం నుంచి లండన్‌ని కరోనా ఆంక్షల్లో రెండో టైర్‌లో, అంటే రెండో అంచెలో పెడుతున్నారు. వేర్వేరు ఇళ్లవాళ్లు నాలుగ్గోడల మధ్య కలవకూడదు. నువ్వుండేది హాస్టల్లో, నేనుండేది మా ఇంట్లో. సొంత పెద్దమ్మనని చెప్పినా లెక్కలోకి రాదు. అలాగని నువ్వు మానుకోకు. దిగగానే 14 రోజులు క్వారంటైన్‌లో గది గోడలు చూశావు, ఇప్పుడు క్లాసులూ లాప్‌టాప్‌లోనే అంటున్నావు. ఒక్కదానివే వెళ్లిరా. పక్కనుండి చెప్పాలనుకున్నవి ఇందులో రాస్తున్నా.

ముందు టికెట్ సంగతి. లోపలికి ఉచితమే, కానీ ఇదివరకులా తోచినప్పుడు వెళ్లి దూరిపోవడం కుదరదు. జూలై 8న మళ్లీ తెరిచినప్పటి నుంచి ఆన్‌లైన్‌లో టైమ్ స్లాట్ తీసుకోవాల్సిందే. శని, ఆదివారాలు వదిలేసి, క్లాసు లేని మామూలు రోజు చూసుకో. ఫోన్‌లో చార్జింగ్ నిండుగా ఉండాలి. టికెట్ అందులోనే, దారి చూసుకునేదీ అందులోనే, ద్వారం దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేయాల్సిన ఆ కొత్త ఎన్‌హెచ్‌ఎస్ యాప్, అదే ఇక్కడి ప్రభుత్వ వైద్యశాఖ కరోనా యాప్ కూడా అందులోనే. పెద్ద బ్యాగు వద్దు, సామాను దాచుకునే చోటు ఉంటుందని నమ్ముకోకు. ఆ రోజు కాస్త దగ్గు, జ్వరం అనిపిస్తే మొహమాటపడకుండా స్లాట్ క్యాన్సిల్ చెయ్, ఇంకొకరికి పనికొస్తుంది.

మాస్కు ట్యూబ్ రైల్లోనూ తప్పదు, లోపలా తప్పదు. ఇక్కడ నా అనుభవం చెప్పాలి. ఆగస్టులో వెళ్లినప్పుడు ఇంట్లో కుట్టుకున్న గుడ్డ మాస్కు పెట్టుకున్నా. ఊపిరి వదిలినప్పుడల్లా కళ్లజోడు మీద ఆవిరి. తుడుచుకుంటూ, తడుముకుంటూ రెండు గదులు దాటేశా. తీరా చూస్తే, చూడాలనుకున్న బొమ్మ వెనక గదిలో ఉండిపోయింది. వెనక్కి వెళ్లబోతే అక్కడున్నావిడ నవ్వుతూనే బాణం గుర్తు చూపించింది. నీకూ కళ్లజోడే కాబట్టి, ముక్కు మీద నొక్కుకునే తీగ ఉన్న మాస్కు కొనుక్కో. తీగని గట్టిగా నొక్కి, కళ్లజోడు దాని మీదుగా పెట్టుకో.

ఆ బాణాల సంగతే అసలు తెలుసుకోవాల్సింది. లోపల మూడు దారులు గీశారు. అన్నీ వన్ వేనే. ఒక దారి పట్టుకుంటే ముందుకే పోవాలి, ‘మళ్లీ వచ్చి చూద్దాంలే’ అనుకోవడానికి లేదు. అందుకని ఇంటి దగ్గరే ఏం చూడాలో తేల్చుకో. గ్యాలరీ వెబ్‌సైట్‌లో బొమ్మల్ని బాగా పెద్దవి చేసుకుని చూడొచ్చు. ముందురోజు రాత్రి ఓ అరగంట అందులో కూర్చో. నాలుగైదు చాలు. ఇటలీ చిత్రకారుడు టిషన్ బొమ్మల ప్రదర్శనకి వేరే టికెట్. పాపం అది మార్చి 16న మొదలై మూడు రోజులకే మూతపడింది. జనవరి దాకా పొడిగించారు, తర్వాత చూసుకోవచ్చు.

నన్నడిగితే వాన్ ఐక్ అనే పాతకాలపు చిత్రకారుడు గీసిన ఆర్నోల్ఫినీ దంపతుల బొమ్మ ఉన్న దారే పట్టుకో. ఎత్తు 82 సెంటీమీటర్లు, వెడల్పు 60. అంతే, మనింట్లో దేవుడి పటమంత. ఆకుపచ్చ గౌను వేసుకున్న ఇల్లాలిని చూసి కడుపుతో ఉందనుకుంటారు అందరూ. కాదట. మనం నడిచేటప్పుడు కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంటామే, అలా బోలెడంత గుడ్డని పొట్ట దగ్గరికి పోగుచేసి పట్టుకుంది. కింద ఎడమ మూలన చెక్క చెప్పులు విడిచి ఉంటాయి. మనవాళ్లే అనిపించింది నాకు! పట్టపగలు ఒక్క కొవ్వొత్తి వెలుగుతుంటుంది, కిటికీ దగ్గర నారింజపండు. ఇక వెనక గోడకున్న గుండ్రటి అద్దం. అందులో ఆలుమగల వీపులు, వాళ్లకి అవతల గుమ్మంలో ఇంకో ఇద్దరు. ఆ అద్దం పైన ‘యాన్ వాన్ ఐక్ ఇక్కడ ఉన్నాడు, 1434’ అని లాటిన్‌లో సంతకం.

మామూలు రోజుల్లో ఆ అద్దం చూడాలంటే పదిమంది భుజాల మీదుగా మెడ సాచాల్సిందే. చిన్నప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం గంట కొట్టే వేళకి మీ అమ్మని ఎత్తుకుని నేను పడ్డ తిప్పలు గుర్తొస్తాయి. ఇప్పుడు లోపలికి వదిలేదే కొద్దిమందిని. ఎడం పాటించి నిలబడు, వెనకవాళ్లు ఎదురుచూస్తుంటే పక్కకి జరుగు, లేదంటే తోచినంతసేపు చూడు. ఈ పాడు కాలంలో మనకి దొరికిన ఒకే ఒక్క లాభం అది.

బయటికొచ్చాక గ్యాలరీ ముందున్న ట్రఫాల్గర్ స్క్వేర్ మూలన నాలుగో దిమ్మె మీద జూలైలో పెట్టిన శిల్పం చూడు. జారిపోతున్న పెద్ద క్రీమ్ ముద్ద, మీద చెర్రీ పండు, ఒక ఈగ, ఒక డ్రోన్. పేరు ‘ది ఎండ్’. మీ పెదనాన్నకి అస్సలు నచ్చలేదు, నాకు మాత్రం ఈ ఏడాదికి సరిగ్గా సరిపోయిందనిపించింది.

ఇంకోటి. ఆరుబయట ఆరుగురి దాకా కలవొచ్చు, దానికి అడ్డు లేదు. నీ స్లాట్ ఎన్నింటికో మెసేజ్ పెట్టు. అదే స్క్వేర్‌లో నెల్సన్ స్తంభం దగ్గరున్న సింహాల్లో గ్యాలరీకి దగ్గరగా, నువ్వు దిగొస్తుంటే ఎడమ చేతివైపు ఉండేదాని దగ్గర నిలబడి ఉంటా. పులిహోర తెస్తా. నీ డబ్బా వేరు, నా డబ్బా వేరు. నీది గట్టు మీద పెట్టి రెండు మీటర్లు వెనక్కి జరుగుతా, అప్పుడొచ్చి తీసుకో. కూర్చున్నాక ఆ అద్దంలో ఇంకా ఏమేం కనిపించాయో నువ్వు చెప్పాలి. ఆగస్టులో నేను చూడకుండా దాటేసిన బొమ్మ అదే.

మీ పెద్దమ్మ