అమరోనె సీసా ఇప్పుడే తెరవాలా, దాచాలా?

ప్రశ్న: 2016 నాటి అమరోనె రెడ్ వైన్ ఒకటి బహుమతిగా వచ్చింది. లేబుల్ మీద నాలుగు రకాల ద్రాక్షల పేర్లున్నాయి. ఇన్ని కలిపారంటే నాసిరకమా? ఇంకా పదేళ్లు దాచొచ్చని ఒకరన్నారు, నిజమేనా?

జవాబు: నాసిరకం అన్న అనుమానం ముందు వదిలేయండి. అమరోనె పుట్టిన చోటైన, ఇటలీలో వెరోనా పక్కనున్న వాల్పోలిచెల్లా లోయల్లో ద్రాక్షలు కలపడమే సంప్రదాయం, చట్టం చెప్పేదీ అదే: కార్వినా 45 నుంచి 95 శాతం, దాని బదులు కొంత కార్వినోనె వాడుకోవచ్చు, రోండినెల్లా 5 నుంచి 30 శాతం, ఆపైన స్థానిక రకాలు కొన్ని. కార్వినా పుల్లటి చెర్రీ రుచినీ మంచి పులుపునూ ఇస్తుంది కానీ వగరు తక్కువ, ఆ లోటు పెద్ద పండ్ల కార్వినోనె తీరుస్తుంది. రోండినెల్లా తెగుళ్లకు లొంగదు, చక్కగా ఆరుతుంది. ఒసెలేటా అనే మరో స్థానిక రకం ఉంటే రంగు, వగరు ఇంకా పెరుగుతాయి.

అయితే ఈ వైన్ ఏళ్ల తరబడి నిలవడానికి కలపడం ఒక్కటే చాలదు, అసలు బలం ఆరబెట్టడంలో ఉంది. కోసిన గుత్తుల్ని వెంటనే తొక్కరు, గాలి ఆడే గదుల్లో తడకల మీదో ట్రేలలోనో మూడు నాలుగు నెలలు పరుస్తారు, బరువులో మూడో వంతు దాకా నీరు పోయి చక్కెర, పులుపు, తొక్కలోని సారం అన్నీ చిక్కబడతాయి, చలికాలంలో నెమ్మదిగా పులిసే ఆ రసంలో ఈస్ట్ చక్కెరని దాదాపు మొత్తం ఆల్కహాల్‌గా మార్చేస్తుంది. అందుకే మామూలుగా 15, 16 శాతం ఉంటుంది. చక్కెర మిగిలేలా మధ్యలో ఆపితే అదే రెచోతో అనే తీపి వైన్, అమరోనెకి తల్లిలాంటిది. (సీసా మీద రిపాస్సో అని ఉందేమో చూడండి, అది అమరోనె పిప్పి మీద మళ్లీ పులియబెట్టిన తేలిక వైన్, అంతకాలం దాచాల్సిన పని లేదు.)

ఇక మీ సీసా. మంచి తయారీదారుదైతే ద్రాక్ష కోసిన ఏడాది నుంచి పదిహేను, ఇరవై ఏళ్లు హాయిగా నిలుస్తుంది. కానీ అది 12 నుంచి 15 డిగ్రీల దగ్గర, చీకట్లో, పడుకోబెట్టి ఉంచితేనే. మీకు అలాంటి చోటు లేకపోతే దయచేసి దాచకండి, వేడి తగిలి చప్పబడిన అమరోనెని చూస్తే నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది. ఈ వయసుకి ఎలాగూ తాగడానికి సిద్ధంగానే ఉంటుంది.

తెరిచే ముందు రోజు నిలబెట్టండి, మడ్డి అడుక్కి దిగుతుంది. గంట ముందు వెడల్పాటి జగ్గులోకి మెల్లగా వంచి, 18 డిగ్రీల చల్లదనంలో గ్లాసుల్లో పోయండి. ఒక్క పూటలో అవ్వకపోతే బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు మూడు రోజులు బాగానే ఉంటుంది.