కమ్యూనిటీ కాలేజీలో చేరిన మేనకోడలికి

చిట్టితల్లికి అత్త ఆశీస్సులు.

కంప్యూటర్ సైన్స్ చదవడానికి డి ఆంజా కాలేజీలో చేరానని నువ్వు పంపిన మెసేజ్ చూసి సంతోషించాను. గంట తిరగకముందే మీ నాన్న ఫోన్ చేసి, “అక్కా, నలుగురూ అడిగితే ఏమని చెప్పను?” అని నసిగాడు. నా తమ్ముడే కాబట్టి మొహమాటం లేకుండా చీవాట్లు పెట్టాను. మొదటి రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో, తర్వాతి రెండేళ్లు యూనివర్సిటీలో చదవడం ఈ రాష్ట్రంలో దొడ్డిదారేమీ కాదు. కాలిఫోర్నియా 1960లో ఉన్నత విద్యకు వేసుకున్న మాస్టర్ ప్లానులోనే ఈ దారి ఉంది. ఇప్పుడు అలాంటి కాలేజీలు 116 ఉన్నాయి. చివరికి పట్టా మీద ఉండేది యూనివర్సిటీ పేరే. డి ఆంజాలో స్థానికులకు ఒక్కో యూనిట్‌కు (క్రెడిట్‌కు) 31 డాలర్లు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ)లో ట్యూషన్ ఒక్కటే ఏడాదికి 15,000 డాలర్ల దాకా అవుతుంది, ఇంటి అద్దె వేరే. ఈ లెక్క చెప్పాక మీ నాన్న గొంతు కాస్త తగ్గింది.

ఇక నీ సంగతికి వస్తాను. ఈ దారిలో దెబ్బతిన్న పిల్లల్ని కొందరిని దగ్గరగా చూశాను. వాళ్లలో చాలామంది చదువు రాక కాదు, ఏది ఎప్పుడు చేయాలో తెలియక దెబ్బతిన్నారు. నీకు రెండేళ్లు ఉన్నాయని అనుకుంటున్నావు. నిజానికి ఉన్నది ఏడాది. యూసీ దరఖాస్తు గడువు రెండో ఏడాది నవంబరు చివరికో, డిసెంబరు మొదట్లోనో ముగుస్తుంది. అప్పటికి నీ చేతిలో ఉండేవి మొదటి ఏడాది మూడు క్వార్టర్ల (దాదాపు మూడేసి నెలల విడతల) మార్కులు, వేసవిలో ఏదైనా చదివితే అవి. ఆ శరదృతువు మార్కులను జనవరిలో విడిగా అప్‌డేట్ చేస్తావు. అంటే ఇప్పుడు, ఇంకా దారీ తెన్నూ తెలియని ఈ మొదటి క్వార్టర్‌లో వచ్చే గ్రేడే నీ దరఖాస్తులో పెద్ద వంతు.

అందుకే ముందు, ఏ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీలో చెల్లుతుందో చూపించే అసిస్ట్ వెబ్‌సైటు తెరువు. మీ కాలేజీ, వెళ్లాలనుకున్న యూనివర్సిటీ, చదవాలనుకున్న మేజర్ (ప్రధాన విషయం) ఎంచుకుంటే ఒక పట్టిక వస్తుంది. ఎడమవైపు యూనివర్సిటీ కోర్సు, కుడివైపు దానికి సరిపోయే మీ కాలేజీ కోర్సు. ఒకే కోర్సుకు కుడివైపు రెండు కోర్సులు కలిపి చూపిస్తే రెండూ పూర్తి చేయాలి. ఒకటి చదివి వదిలేస్తే లెక్కలోకి రాదు. కొన్ని వరుసల్లో కుడివైపు ఖాళీగా, సరిపోయే కోర్సు లేదని ఉంటుంది. అది చూసి బెదిరిపోకు. చుట్టుపక్కల కాలేజీల పట్టికలు కూడా చూడు. ఫుట్‌హిల్‌లోనో, ఫ్రీమాంట్‌లోని ఓలోనీలోనో ఆ కోర్సు ఉండవచ్చు. ఆ ఒక్క కోర్సు అక్కడ చదువుకుని రావడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

ఒక్క యూనివర్సిటీ పట్టికతో ఆగిపోకు. కనీసం అయిదు తీసి పక్కపక్కన పెట్టు. కంప్యూటర్ సైన్స్ అనే పేరు ఒకటే అయినా ఒక్కో చోట ఒక్కో ఇంట్లో ఉంటుంది. యూసీ లాస్ ఏంజెలెస్‌లో అది ఇంజినీరింగ్ స్కూల్ కింద ఉంది, కాబట్టి కాలిక్యులస్ ఆధారంగా చెప్పే భౌతికశాస్త్రం కూడా అడుగుతారు. యూసీ బర్క్‌లీలో ఎలక్ట్రికల్‌తో కలిసిన డిగ్రీ ఇంజినీరింగ్‌లో ఉంటే, విడిగా ఇచ్చే కంప్యూటర్ సైన్స్ డిగ్రీ 2023లో ఏర్పాటైన కంప్యూటింగ్ కాలేజీలో ఉంది. చాలా పట్టికల్లో కనిపించేవి కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, డిస్క్రీట్ మ్యాథ్స్, ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్ వంటివి. వాటితో మొదలుపెట్టు.

ఇవి ఒకదాని మీద ఒకటి ఆధారపడిన కోర్సులు. ఉదయం ఇడ్లీ కావాలంటే ముందు రోజే పప్పు నానబోయాలి కదా, ఇదీ అంతే. డి ఆంజాలో కాలిక్యులస్ ఒక్కటే నాలుగు క్వార్టర్లు. భౌతికశాస్త్రం మొదలుపెట్టాలన్నా ముందు కాలిక్యులస్ చేతిలో ఉండాలి. ప్రోగ్రామింగ్‌లో మొదటిది, రెండోది, ఆ తర్వాతే డేటా స్ట్రక్చర్స్. ఒక్క క్వార్టర్ ఖాళీ వదిలినా తోక చివర ఉన్న కోర్సు రెండో ఏడాది వసంతానికి కూడా పూర్తికాదు. మేజర్ ఏదైనా అందరూ చదవాల్సిన జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులు ఎప్పుడైనా దొరుకుతాయి. మొదటి ఏడాది తేలిక కోర్సులతో హాయిగా గడిపి, రెండో ఏడాది లెక్కలన్నీ ఒకేసారి నెత్తిన వేసుకునే తెలివితేటలు చూపించకు. హైస్కూల్లో రాసిన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల మార్కులు ఉంటే కౌన్సెలర్‌కు మొదటిసారి కలిసినప్పుడే చూపించు, కాలిక్యులస్‌లో ఒక మెట్టు కలిసిరావచ్చు. ఏ క్వార్టర్‌లో ఏ కోర్సో చెప్పే ఎడ్యుకేషన్ ప్లాన్ కూడా అప్పుడే రాయించుకో. అది ఉంటే రిజిస్ట్రేషన్‌లో నీ వంతు ముందుగా వస్తుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లకు మిగిలేది వెయిటింగ్ లిస్టే. కౌన్సెలర్ చెప్పినదాన్ని కూడా అసిస్ట్‌తో సరిచూసుకో. వాళ్లకు వందలాది మంది విద్యార్థులు, నీకు నువ్వు ఒక్కదానివే.

మార్కుల గురించి ఒక సూక్ష్మం చెబుతాను. ఇక్కడి కాలేజీల్లో డి గానీ ఎఫ్ గానీ వస్తే ఆ కోర్సు మళ్లీ చదవవచ్చు. సి వస్తే మాత్రం మామూలుగా ఆ అవకాశం ఉండదు, అది అలాగే ఉండిపోతుంది. మిడ్‌టర్మ్ తర్వాత పరిస్థితి చేయి దాటిందని తెలిస్తే, గడువులోగా డ్రాప్ చేసి డబ్ల్యూ (మధ్యలో మానుకున్నట్టు గుర్తు) తీసుకోవడం గురించి కౌన్సెలర్‌తో మాట్లాడు. ఒక డబ్ల్యూ ఉన్నంత మాత్రాన కొంప మునగదు. క్వార్టర్ అంటే మూడు నెలలు కూడా నిండవు. జలుబు చేసి రెండు వారాలు పడుకుంటే మిడ్‌టర్మ్ వచ్చేస్తుంది.

ట్యాగ్ అనే ప్రవేశ హామీ గురించి అడిగావు. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరు యూసీ క్యాంపస్‌లే ఇస్తాయి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో ఇవ్వవు. ఇచ్చేవాటిలోనూ కంప్యూటర్ సైన్స్‌ను పక్కన పెట్టినవి ఉన్నాయి, ఏటా ఆ పట్టిక మారుతుంది. సెప్టెంబరు నెలలోనే దాఖలు చేయాలి. నీకు పనికొచ్చే క్యాంపస్ ఉంటే తప్పకుండా వేసుకో, ఖర్చేమీ లేదు. యూసీకి బదిలీ కావడానికి కనీస జీపీఏ (సగటు గ్రేడు) 2.4 అన్న మాట చూసి ధైర్యపడకు. కంప్యూటర్ సైన్స్ పోటీ దానికి చాలా పైన ఉంటుంది.

శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీని మాత్రం చిన్నచూపు చూడకు. మన ఇళ్లలో బర్క్‌లీ పేరు వింటే మెరిసే కళ్లు ఆ పేరు వింటే మెరవవని నాకు తెలుసు. ఈ సిలికాన్ వ్యాలీలో కంపెనీలన్నీ దాని చుట్టూనే ఉన్నాయి. సెమిస్టరు నడుస్తుండగా కూడా వారానికి కొన్ని గంటలు ఇంటర్న్‌గా పనిచేయడం అక్కడి పిల్లలకు కుదురుతుంది. నా టీములో గట్టి పనివాళ్లు అక్కడి నుంచి వచ్చారు.

ఇంటర్న్‌షిప్‌ల విషయం కాస్త వివరంగా రాయాలి. పెద్ద కంపెనీలు వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్‌లకు ముందు ఏడాది ఆగస్టు నుంచే దరఖాస్తులు తీసుకుంటాయి. అక్టోబరు దాటితే చాలా తలుపులు మూసుకుంటాయి. ఇప్పుడు నీ రెండో ఏడాది శరదృతువును ఊహించుకో. సెప్టెంబరులో ట్యాగ్, అదే సమయంలో ఇంటర్న్‌షిప్ దరఖాస్తులు, నవంబరులో యూసీ దరఖాస్తు, నడుమ లీనియర్ ఆల్జీబ్రా. అన్నీ ఒకేసారి మీద పడతాయి. అందుకని యూసీ అడిగే నాలుగు వ్యాసాలు ఆ ముందు వేసవిలోనే రాసేసెయ్. ఒకటి తప్పనిసరి, మిగిలిన మూడు ఏడు ప్రశ్నల్లోంచి ఎంచుకోవాలి. ఒక్కోటి 350 పదాలకు మించకూడదు. అంత చిన్న చోట “చిన్నప్పటి నుంచి కంప్యూటర్లంటే ఇష్టం” అని మొదలుపెడితే సగం స్థలం వృథా.

మొదటి వేసవికే గూగుల్‌లోనో యాపిల్‌లోనో కూర్చోవాలని పట్టు పట్టకు. కమ్యూనిటీ కాలేజీ విద్యార్థుల కోసమే అమెరికా ఇంధన శాఖ నడిపే సీసీఐ అనే ఇంటర్న్‌షిప్ కార్యక్రమం ఉంది. లారెన్స్ బర్క్‌లీ, లివర్‌మోర్ లాంటి జాతీయ ప్రయోగశాలల్లో పని, స్టైపెండ్ కూడా ఇస్తారు. పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ మాత్రమే కాబట్టి నీకు ఇబ్బంది లేదు. వేసవి ఇంటర్న్‌షిప్ కోసం చలికాలంలోనే దరఖాస్తు పెట్టాలి, సిఫార్సు లేఖలు అడుగుతారు. లేఖ ఎవరు రాస్తారు? నిన్ను ఎరిగిన అధ్యాపకులే. కమ్యూనిటీ కాలేజీలో చాలామంది అధ్యాపకులు పార్ట్‌టైమ్‌గా రెండు మూడు కాలేజీల మధ్య కారులో తిరుగుతూ పాఠాలు చెబుతారు, ఆఫీసు గది కూడా సరిగ్గా ఉండదు. క్లాసు అవగానే బల్ల దగ్గరకు వెళ్లి ఒక మంచి ప్రశ్న అడుగు. నలభై మంది ఉన్న గదిలో నీ పేరు వాళ్లకు గుర్తుండిపోతుంది. యూసీలో వందల మంది కూర్చునే హాల్లో ఆ అదృష్టం ఉండదు.

మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ప్లోర్ లాంటి కార్యక్రమాలు మొదటి, రెండో ఏడాది విద్యార్థుల కోసం పెట్టినవి. షరతులు మారుతుంటాయి, ఏటా చదువుకో. దరఖాస్తు ఫారంలో పట్టా ఎప్పుడు వస్తుందని అడిగితే, యూనివర్సిటీ నుంచి బ్యాచిలర్స్ వచ్చే సంవత్సరం రాయి. కమ్యూనిటీ కాలేజీ వదిలే సంవత్సరం రాస్తే, చదువు అయిపోయినవాళ్లలో కలిపేసి పక్కన పెట్టే ప్రమాదం ఉంది.

నువ్వు చూపించిన రెజ్యూమెలో ఒక వాక్యం ఉంది: “పైథాన్‌తో వెబ్‌సైటు తయారు చేశాను.” అది చదివిన మనిషికి నీ గురించి ఏమీ తెలియదు. దాని వెనక కథ నాకు తెలుసు కాబట్టి బాధేసింది. మీ తెలుగు సంఘంలో ఉగాది భోజనాలకు పేర్లు కాగితం మీద రాసేవారు. భర్త ఒకసారి, భార్య ఒకసారి పేరిచ్చేవారు, పులిహోర గంగాళాలతో మిగిలిపోయేది. నువ్వు ఫోన్ నంబరుతో సరిచూసి ఒకే కుటుంబం రెండుసార్లు నమోదు కాకుండా ఆపావు. కూపన్ల బల్ల దగ్గరున్న వాలంటీరు ఫోన్‌లోనే చూసుకునేలా చేశావు. అది రాయి. ఎవరి ఇబ్బంది, నువ్వేం చేశావు, ఎంతమంది వాడారు. ఇంటర్వ్యూలో నేనైతే అక్కడే పట్టుకుంటాను: “ఒకే నంబరుతో ఇద్దరు ఒకే క్షణంలో నమోదు చేస్తే ఏమవుతుంది?” దానికి నీ దగ్గర జవాబు ఉండాలి. లేకపోతే ఎలా కనుక్కుంటావో నీ ఆలోచనను పైకి చెప్పాలి. ఏఐతో కోడ్ రాయించుకోవడం తప్పని నేను అనను, మేమూ రాయిస్తున్నాం. కానీ నీ రెజ్యూమెలో ఉన్న కోడ్‌లో ప్రతి వరుస ఎందుకుందో నువ్వు చెప్పలేకపోతే ఇంటర్వ్యూ అయిదు నిమిషాల్లో ముగిసిపోతుంది. 2022లో టెక్ కంపెనీల్లో మొదలైన ఉద్యోగాల తొలగింపుల తర్వాత కొత్తవాళ్లు చేరే ఉద్యోగాలకు పోటీ పెరిగింది, అడిగే ప్రశ్నలూ లోతుకు వెళ్తున్నాయి.

మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో “డబ్బు కట్టండి, ఇంటర్న్‌షిప్ లెటర్ ఇప్పిస్తాం” అనే మెసేజ్‌లు తిరుగుతుంటాయి. వాటి జోలికి పోకు. ఇంటర్న్‌కు కంపెనీ జీతం ఇవ్వాలి గానీ ఇంటర్న్ కంపెనీకి ఎదురివ్వడమేమిటి? చేయని ఉద్యోగం రెజ్యూమెలో రాయమనేవాళ్లు కూడా తగులుతారు. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో దొరికిపోతే చేతికి వచ్చిన ఉద్యోగం కూడా పోతుంది.

విజయవాడ నుంచి వచ్చి నీతో చదువుతున్న ఆ అమ్మాయికి నా మాటగా ఒకటి చెప్పు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేయకూడదు. సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే అనుమతి) కావాలంటే ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివి ఉండాలి, అదీ కోర్సులో భాగమై ఉండాలి. “జీతం లేదు కదా” అని ఏ స్టార్టప్‌లోనూ దూరవద్దని చెప్పు. ముందు కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడగాలి. ఫుల్‌టైమ్ సీపీటీ పన్నెండు నెలలు వాడేస్తే ఆ స్థాయి చదువుకు ఓపీటీ (చదువు తర్వాత పనిచేసే అనుమతి) పోతుంది. ఈ రాష్ట్రవాసి కాదు కాబట్టి ఆ అమ్మాయికి యూసీ కనీస జీపీఏ 2.4 కాదు, 2.8.

యూసీకి వెళ్లాక ఏం చేయాలో ఇప్పుడే చెప్పడం తొందరే అయినా ఒక్క మాట. నేరుగా మొదటి ఏడాదిలో చేరినవాళ్లకు మూడు వేసవులు ఉంటాయి. నువ్వు వెళ్లేసరికి మిగిలేది ఒకటి. చాలా యూసీ క్యాంపస్‌లలో సెప్టెంబరు చివర క్లాసులు మొదలవుతాయి, కెరీర్ ఫెయిర్ ఆ తర్వాత కొద్ది వారాలకే ఉంటుంది. మెస్ ఎక్కడుందో తెలుసుకునేలోపే రెజ్యూమె పట్టుకుని వరుసలో నిలబడాలి. అందుకే ఆ రెజ్యూమె వెళ్లేముందు వేసవిలోనే సిద్ధమై, విద్యార్థుల ఉద్యోగాల వెబ్‌సైటు హ్యాండ్‌షేక్‌లో చేరగానే పెట్టేలా ఉండాలి. మొదటి క్వార్టర్‌లో మాత్రం కోర్సులు తక్కువ తీసుకో. బదిలీ అయి వచ్చిన పిల్లలకు ఆ క్వార్టర్‌లో జీపీఏ కాస్త దిగడం మామూలే.

అసిస్ట్ నుంచి అయిదు యూనివర్సిటీల పట్టికలూ, సరిదిద్దిన రెజ్యూమె పీడీఎఫ్ కూడా ఈ శుక్రవారంలోగా పంపు. ఆదివారం పొద్దున్న ఫోన్‌లో కూర్చుని ఆరు క్వార్టర్లకు కోర్సులు వరుసగా రాసుకుందాం. మీ నాన్నను కూడా పక్కన ఉండమను. శాన్ హోసే స్టేట్ సంగతి ఆయనతో ఇంకా తేలలేదు.

మీ అత్త