బుజ్జీకి, ఉప్పునీళ్ల గురించి

బుజ్జీ,

కూకట్‌పల్లి ఫ్లాట్‌లో వంద లీటర్ల సముద్రపు చేపల తొట్టి పెడుతున్నావట. మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పి, "అంతా నీ పోలికే" అని నన్నే తిట్టింది. తిట్టు బాగానే ఉంది. భీమిలి దగ్గర రొయ్యపిల్లల్ని పొదిగించే హేచరీలో, నీళ్లలో ఉప్పు కొలిచే నా రిఫ్రాక్టోమీటర్ కంటికి ఆనించుకుని, "మామయ్యా, పైన నీలం, కింద తెలుపు!" అని గంతులేసిన ఆరేళ్ల పిల్లవి గుర్తొచ్చావు. ఆ రెండు రంగులూ కలిసే గీత దగ్గరే అంకె చదవాలి. 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు, అంతే.

బోరు నీళ్లు వద్దు. వంటింటి ఆర్‌వో నీళ్లలో కూడా టీడీఎస్, అంటే కరిగిన లవణాలు, కొంత మిగులుతుంది, మీటర్ పెట్టి చూడు, సున్నాకి దగ్గరగా ఉండాలి. బకెట్‌లో ముందు నీళ్లు పొయ్యి, ఆ తర్వాతే ఉప్పు, కొంచెం కొంచెంగా. తిరగేసి చేస్తే కాల్షియం తెల్లగా విరిగి అడుక్కి దిగిపోతుంది. అక్వేరియం ఉప్పు ఇరవై లీటర్లకి 700 నుంచి 750 గ్రాముల దాకా పడుతుంది. తేమ పట్టిన ప్యాకెట్ అయితే ఇంకాస్త. అందుకే తూకాన్ని నమ్మకు, చిన్న పంపు వేసి రాత్రంతా తిరగనిచ్చి పొద్దున కొలువు. రిఫ్రాక్టోమీటర్‌ని మంచినీళ్లతో సున్నా చూసుకుంటే చాలదు, 35 పీపీటీ ద్రావణంతో కూడా సరిచూసుకో.

ఇక నా ఘనకార్యం. హేచరీలో రోజుకి రెండుసార్లు సాలినిటీ, అంటే ఉప్పదనం, కొలిచేవాణ్ణి, ఎవరివో రొయ్యల కోసం. ఇంట్లో నా సొంత తొట్టిలో రెండు క్లౌన్ చేపలుండేవి. వాటికి ఒక్కసారీ కొలవలేదు. మనకి తెలియనిదా అని. మే నెల, ఫ్యాన్ గాలికి రోజూ రెండు లీటర్ల నీళ్లు ఆవిరయ్యేవి. తగ్గిందంటే కలిపి ఉంచుకున్న ఉప్పునీళ్లే పోసేవాణ్ణి. రోజుకి 70 గ్రాముల ఉప్పు అదనం. పది రోజులకి వంద లీటర్ల తొట్టిలో 35 కాస్తా 42 అయి కూర్చుంది. చేపలు ఓ మూలకి చేరి గబగబా ఊపిరి తీస్తుంటే రోగం అనుకుని మందు వేశాను! అద్దం అంచున తెల్లగా ఉప్పు కడుతున్నా నా బుర్రకి తట్టలేదు.

మీ అత్తయ్య గోరుతో ఆ ఉప్పు గీకి నాలుక మీద వేసుకుంది. "మా నౌపడ ఉప్పు మడుల్లో ఎండకి నీళ్లే పోతాయండీ. ఉప్పు కూడా పోతే మా ఊరివాళ్లు ఏం అమ్ముకుంటారు?" అంది. అప్పుడు పరిగెత్తి కొలిచాను. కంగారులో మంచినీళ్లు ఒక్కసారే గుమ్మరించాను, అది ఇంకో తప్పు. రోజుకి ఒకటి రెండు పీపీటీ చొప్పున దించాల్సింది. తెల్లారేసరికి పెద్ద చేప పోయింది. మీ అత్తయ్య ఏమీ అనలేదు, దాన్ని తులసికోట పక్కన పూడ్చింది.

కాబట్టి ఆవిరైన నీళ్లకి ఆర్‌వో నీళ్లే పొయ్యి. ఉప్పునీళ్లు పొయ్యడం తొట్టి నీళ్లు మార్చేటప్పుడు మాత్రమే. తొట్టి మీద స్కెచ్ పెన్‌తో నీటిమట్టం గీత గీసుకో, సిగ్గుపడకు.

చేపల కంటే నాకు నీ గురించే భయం. ఒంటరిగా ఉంటావు. ఉప్పునీటికి కరెంటు ఇట్టే పాకుతుంది. ప్లగ్‌కి వెళ్లే వైరు మధ్యలో కిందికి వేలాడాలి, జారిన చుక్క ప్లగ్‌లోకి పోకుండా నేల మీద పడాలి. తొట్టిలో చెయ్యి పెట్టేముందు అన్ని స్విచ్‌లూ ఆపు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ లైన్‌కి ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, పెట్టించు, డబ్బులు నేను పంపుతాను. అది పెట్టించేదాకా చేపలు కొనకు.

తొలి బకెట్ కలిపాక ఫొటో పంపు. తొట్టిది వద్దు, రీడింగ్‌ది.

మామయ్య